సిద్ధాంత వ్యాసం ఎవరి సొత్తు?

మన విశ్వవిద్యాలయాల్లో తయారయే సిద్ధాంత వ్యాసాలను గురించి, వాటిని రాసినవారూ పరీక్షించినవారూ తప్ప మూడోవారు మాట్లాడుకోవటం చాలాకాలం జరగలేదు. మూడోవారికి ఆసక్తి లేక కాదు, వారికి అవి కనపడేవే కావు. నాలుగైదు ప్రతులు టైపయి, గట్టి అట్టలు వేయించుకుని, అట్టమీద బంగారు అక్షరాలు అద్దించుకుని, ఒకటి గైడు ఇంటికీ ఒకటి గ్రంథాలయం బీరువాకూ చేరేవి. ఆ తరువాత వాటిని తెరిచేవాళ్లు అదే విషయం మీద మరొక వ్యాసం రాయదలచినవాళ్లు మాత్రమే. ప్రజల డబ్బుతో, ప్రజలను గురించి, ప్రజలు చదవటానికి వీల్లేని వ్యాసాలు రాయటం మన ఉన్నత విద్యలో ఒక సంప్రదాయంగా స్థిరపడిపోయింది.

ఈనాడు ఆ బీరువా తెరుచుకున్నది. యు.జి.సి. 2009 లో చేసిన నిబంధనలతో పిహెచ్.డి. వ్యాసాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించటం విధి అయింది. 2016 లోనూ 2022 లోనూ నిబంధనలు మారాయి గాని ఈ విధి మారలేదు. పరీక్ష ముగిసిన వ్యాసం ప్రతి గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రానికి చేరాలి. ఆ కేంద్రం నడిపే శోధ్‌గంగ భాండాగారంలో ఇప్పుడు లక్షల సంఖ్యలో వ్యాసాలున్నాయి. అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 1997 లో తప్పనిసరి చేసిన పద్ధతి పన్నెండేళ్లకు మనదాకా వచ్చింది. నూజివీడు బస్టాండులో బస్సుకోసం కూర్చున్న కుర్రవాడు గౌహతిలోనో మదురైలోనో రాసిన వ్యాసాన్ని చేతిలోని ఫోనులో చదువుకోవచ్చు, పైసా ఖర్చు లేకుండా.

దీన్ని నేను మనఃపూర్వకంగా ఆహ్వానిస్తాను. నా చిన్నతనంలో కరణం దస్త్రం అంటే రైతుకు ఎంత భయమో చూసినవాణ్ణి. తన పేరున ఏ సర్వే నెంబరు ఉన్నదో, ఎంత బాకీ రాశారో, తన పొలం పక్కవాడి పేరున ఎప్పుడు ఎక్కిందో రైతుకు తెలిసేది కాదు. రాసేవాడు ఒకడు, రాయబడేవాడు ఒకడు, చదివే హక్కు మట్టుకు రాసేవాడిదే. 1984 లో కరణాల వ్యవస్థ రద్దయింది. కాని రాసినవాడే తాళం వేసుకునే అలవాటు అంతటితో పోలేదు. అది విశ్వవిద్యాలయాల్లో కూడా ఉన్నది. అందుచేత వ్యాసాలు బయటికి రావటం అభ్యుదయమే అనటంలో నాకు సందేహం లేదు.

అయితే ఒక తాళం తీయగానే సమస్య తీరినట్టు భావించేవారు మనలో ఎక్కువగా ఉన్నారు. బయటపడిన కాగితాన్ని ఎవరు చదువుతారు, ఎందుకు చదువుతారు అన్న ప్రశ్న వారికి తోచదు. ఆ ప్రశ్న నాకు తోచింది మామిడితోటల్లో.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట — ఈ ప్రాంతం పేరు చెప్పగానే చిన్న రసాలూ పెద్ద రసాలూ బంగినపల్లీ అందరికీ గుర్తుకొస్తాయి. ఆ పండు వెనక ఉన్న ఏర్పాటు గుర్తుకు వచ్చేది తక్కువ మందికి. తోట ఆసామి బెజవాడలోనో హైదరాబాదులోనో, ఒక్కోసారి అమెరికాలోనో ఉంటాడు. పూత మీదనో పిందె మీదనో తోటను మాట్లాడుకునేవాడు ఇంకొకడు. ఇద్దరి మధ్యా ఉన్నది చాలాచోట్ల నోటిమాటే. మందులకూ కాపలాకూ కావలసిన పెట్టుబడి కమీషన్ వ్యాపారి బయానాగా ఇస్తాడు. ఆ బయానా పుచ్చుకున్నవాడు కాయను ఆ వ్యాపారి దుకాణానికే తోలాలి, అతను చెప్పిన ధరకే ఇవ్వాలి, అతను తీసిన తరుగుకు ఒప్పుకోవాలి. అందరికన్నా కింద కోత కూలీలు.

ఒక విద్యార్థిని, ఈ ప్రాంతపు పిల్లే, తోట కౌలుదార్ల మీద పరిశోధన చేసింది. చిత్తు ప్రతులు నాకు చూపిస్తూ ఉండేది. ఆమె మనుషుల దగ్గర కూర్చుని మాట్లాడగల పిల్ల. అందుచేత వాళ్లు చెప్పకూడనివి కూడా చెప్పారు: ఆసామికి తెలియకుండా ఎంత అప్పు తెచ్చారో, వ్యాపారికి తెలియకుండా కొంత కాయ ఎక్కడ అమ్ముకున్నారో, ఏ ఏడు ఎవరు ఎవరిని మోసం చేశారో. వ్యాసం చివర అనుబంధంలో చెప్పినవారి పేర్లు, ఊళ్లు, కులాలు, సాగు చేసే విస్తీర్ణం, అప్పు వివరాలు వరసగా పట్టిక వేసింది. ఇందులో ఆమె చేసిన వింత ఏమీ లేదు. మన సాంఘిక శాస్త్రాల్లో అట్లాంటి పట్టిక ఉంటేనే పరీక్షకుడికి నమ్మకం. పేర్లు లేకపోతే ఇంట్లో కూర్చుని కల్పించారని అనుమానిస్తాడు. అట్లా కల్పించినవాళ్లు లేకపోలేదు గనక ఆ అనుమానం నిష్కారణమైనదని కూడా అనలేం.

వ్యాసం పూర్తి కావస్తున్నదని చెప్పటానికి ఆమె ఒక తోటకు వెళ్లినప్పుడు, కౌలు చేసే ఒక ఆమె అంతా విని ఇట్లా అడిగిందట: "రాసుకున్నావు, బాగానే ఉంది గాని అమ్మాయ్, మా ఆసామిగారబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. ఆయన ఫోనులో ఇది కనపడుద్దా?"

ఈ ప్రశ్న విశ్వవిద్యాలయంలో ఆమెను ఎవరూ అడగలేదు. మార్జిన్లు ఎంత వదలాలో, అక్షరాల పరిమాణం ఎంత ఉండాలో, ఎన్ని సి.డి.లు ఇవ్వాలో చెప్పే కాగితం ఉన్నది. ఇది మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

కనపడుతుంది. పేరు కొట్టి వెతికితే క్షణంలో కనపడుతుంది. బీరువా కాలంలో ఆ ఆసామి కొడుకు గ్రంథాలయానికి వెళ్లి, అట్టలు విప్పి, అనుబంధం చదివే అవకాశం లేదు. ఆ రోజుల్లో పేదవాణ్ణి కాపాడింది మన నీతి కాదు, బీరువా మీది దుమ్ము. దుమ్ము దులిపేశాం గనక ఇప్పుడు నీతిని మనమే సంపాదించుకోవాలి.

కౌలుదారు పేరు బయటపడితే ఏమవుతుందో ఈ రాష్ట్రంలో తెలియనివారు లేరు. కౌలుదార్లకు గుర్తింపు కార్డులివ్వటానికి 2011 లో ఒక చట్టం వచ్చింది. 2019 లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఈ రెండో చట్టం కింద కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. సంతకం అడిగితే కౌలు పోతుందేమోనని కౌలుదారు భయం. ప్రభుత్వం ఇచ్చే కార్డు మీదనే పేరు ఉండటానికి భయపడే మనిషి పేరును, అప్పుల లెక్కతో సహా, ప్రపంచమంతా చూసే చోట పెట్టటం ఏ విధమైన ప్రజాసాహిత్యం?

చట్టాన్ని చూద్దామా అంటే, వ్యక్తుల సమాచార పరిరక్షణకు 2023 లో వచ్చిన చట్టం పరిశోధన కోసం చేసే పనికి కొన్ని షరతులతో మినహాయింపు ఇచ్చింది. అందులో తప్పు లేదు. పరిశోధనకు అనుమతుల బేడీలు వేస్తే ముందుగా ఆగిపోయేవి దోపిడీని గురించిన పరిశోధనలే. కాని మినహాయింపు అన్నదానికి అర్థం, బాధ్యతను చట్టం మనమీద వదిలిందని.

విద్యార్థిని పేర్లు తీసేసి అంకెలు వేస్తానన్నది. కార్యాలయం వారు, పరీక్షకులు చూసిన ప్రతి ఒకటీ భాండాగారంలో పెట్టేది మరొకటీ అయితే కుదరదన్నారు. ఈ మాటలో న్యాయం ఉన్నది. ఒకటి చూపించి మరొకటి పెట్టే వీలు ఇస్తే దాన్ని దొంగలు వాడుకుంటారు. కనక మొదటినుంచీ అన్ని ప్రతుల్లోనూ అంకెలే వేసింది. కొన్ని ఊళ్ల పేర్లు కూడా మార్చింది, ఎందుకంటే చిన్న ఊళ్లో "నాలుగెకరాల తోట చేసే వితంతువు" అంటే పేరు చెప్పినట్టే. అసలు నోటు పుస్తకాలను మౌఖిక పరీక్షనాడు పరీక్షకుల ముందు పెట్టి, చూపించి, వెనక్కు తెచ్చుకున్నది. నమ్మకం కుదిరింది. ఎవరి పేరూ బయటికి పోలేదు. ఇది కష్టమైన పనేమీ కాదు. చెయ్యాలన్న ఆలోచన ఉండటమే కావలసింది.

ఇంతటితో పేర్లు తీసెయ్యటమే నీతి అని ఒక సూత్రం రాసుకుని కూర్చుందామంటే, దాన్ని కూడా తోటలోనే ఒకాయన ఎదుర్కొన్నాడు. అంట్లు కట్టే ముసలాయన. ఏ చెట్టు కొమ్మ ఏ మొక్కకు పట్టుతుందో, ఏ నేలలో రసం నిలుస్తుందో ఆయన చెప్పిన మాటలతో వ్యాసంలో ఒక ప్రకరణమే నడిచింది. తన పేరు బదులు అంకె చూసి ఆయన, "అప్పులోడి పేరు దాచావు, సరే. నేనేం దొంగతనం చేశానని నా పేరు దాచావు?" అన్నాడు.

ఆయన అడిగింది న్యాయం. మన 1957 కాపీరైటు చట్టం రాసినవాడికి రచన మీద హక్కు ఇచ్చింది. 57వ విభాగం కింద ఆ రచన తనదని చెప్పుకునే ప్రత్యేక హక్కు కూడా ఇచ్చింది. చెప్పినవాడికి ఏమీ ఇవ్వలేదు. బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో డాక్టరేటు తీసుకున్నప్పుడు, పామరుల పాటకు విద్వత్పీఠం దొరికిందని అభ్యుదయవాదులంతా సంతోషించదగ్గ పని జరిగింది. పాట పండితుల దాకా వెళ్లింది. పాడినవారి పేర్లు కూడా పాటతోపాటు వెళ్లాలని అడగటం ఇప్పటి మన పని. పేరు కొందరికి ప్రమాదం, కొందరికి గౌరవం. ఎవరికి ఏదో నిర్ణయించవలసింది పరిశోధకుడు కాదు, ఆ పేరుగల మనిషి. విద్యార్థిని ఆ ముసలాయన పేరును ఆయన ఊరితో సహా తిరిగి చేర్చింది.

ఇంకొక సంగతి. సమర్పణకు ముందు ఆమె వ్యాసం సారాంశాన్ని తెలుగులో రాసుకుని తోటలో చదివి వినిపించింది. కోత కూలి అందరికీ ఒకటేనని అందులో ఒక వాక్యం ఉన్నది. "చిక్కం పట్టినవాడికీ కింద ఏరేదానికీ ఒకటే కూలని నీకెవరు చెప్పారు?" అని ఆడవాళ్లు నిలేశారు. చెప్పింది వ్యాపారి! పట్టిక మారింది, ప్రకరణం మారింది, నిర్ణయం కూడా కొంత మారింది. గైడూ, ఆ చిత్తును చూసిన మిగతా పెద్దలూ పట్టుకోలేని అబద్ధాన్ని పరిశోధనకు విషయమైనవాళ్లు అయిదు నిమిషాల్లో పట్టుకున్నారు. విన్నవారి ఆమోదం తీసుకోవటం మర్యాద మాత్రమే కాదు, అది శాస్త్రీయ పద్ధతిలో భాగం.

ఇక ప్రకటన విషయం. విద్యార్థుల్లో ఒక భయం ఉన్నది: వ్యాసం అందరికీ దొరికితే దాన్ని పుస్తకంగా ఎవరు వేస్తారు, ఎవరు కొంటారు అని. ఈ భయం మన దేశానికే పరిమితం కాదు. అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ 2013 లో, కొత్త డాక్టర్లు కోరితే వ్యాసాలను ఆరేళ్ల దాకా బయటపెట్టకుండా ఉంచే వీలు ఇవ్వాలని విశ్వవిద్యాలయాలను కోరింది. దీని మీద అక్కడ పెద్ద వాదమే జరిగింది. ఉద్యోగం లేని యువకుడికి పుస్తకం ఒక్కటే ఆధారమైనప్పుడు అతని భయాన్ని హేళన చెయ్యకూడదు. ఏడాదో రెండేళ్లో గడువు అడిగితే ఇవ్వటం న్యాయమే. కాని ప్రజల ఫెలోషిప్పుతో చేసిన పనిని ఆరేళ్లు దాచిపెట్టటం నాకు సమ్మతం కాదు. జర్మనీలో వ్యాసాన్ని ప్రకటించనిదే డాక్టరు పట్టా చేతికి రాదు. అక్కడి విద్య దానివల్ల చెడిపోలేదు. మనదగ్గర కూడా సి. నారాయణరెడ్డిగారి "ఆధునికాంధ్ర కవిత్వము" సిద్ధాంత వ్యాసమే. అది పుస్తకమై తరాల విద్యార్థులకు పాఠ్యగ్రంథంగా నిలిచింది. అది అట్లా నిలిచింది తెలుగులో, చదవదగ్గట్టు ఉన్నందువల్ల. మంచి వ్యాసానికి శత్రువు ఉచితంగా దొరకటం కాదు, ఎవరికీ అర్థం కాకపోవటం.

అసలు దొంగలు వేరేచోట ఉన్నారు. వ్యాసం భాండాగారంలో చేరిన కొద్ది కాలానికే విద్యార్థికి విదేశాలనుంచి ఉత్తరాలు రావటం కద్దు. "మీ మహత్తర పరిశోధనను ఉచితంగా పుస్తకంగా వేస్తాం" అంటారు. ఎవరూ దిద్దరు, ఎవరూ పరిశీలించరు. పంపినది పంపినట్టే అట్ట వేసి, విద్యార్థి కొనలేని ధర పెట్టి అమ్మకానికి పెడతారు. హక్కులు వాళ్ల చేతికి పోతాయి. పత్రికల పేరున జరిగే వ్యాపారం ఇంతకన్నా పెద్దది. వ్యాసం ఇవ్వటానికి ముందు ఒక పరిశోధన పత్రమైనా పత్రికలో అచ్చు కావాలని 2016 నిబంధన చెప్పింది. అవసరాన్ని నిబంధన పుట్టిస్తే, సరుకును బజారు పుట్టించింది. డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలు వర్షాకాలపు పుట్టగొడుగుల్లా లేచాయి. ఈ బజారుకు మన హైదరాబాదు కూడా పేరు మోసింది. అక్కడి ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 లో దావా వేసింది. పరిశోధకులను మోసపుచ్చిందని తేల్చి అక్కడి కోర్టు 2019 లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. యు.జి.సి. ఆ నిబంధనను 2022 లో తొలగించింది. అప్పటికే ఎందరు పేద విద్యార్థుల ఫెలోషిప్పు డబ్బు ఆ బజారులో పోయిందో లెక్క కట్టినవారు లేరు.

పెద్ద ప్రచురణ సంస్థల పని మరింత మర్యాదగా జరుగుతుంది. అధ్యాపకుడి జీతం ప్రజలది, ప్రయోగశాల ప్రజలది, వ్యాసాన్ని పరీక్షించే శ్రమ ఉచితం. అచ్చయిన తరువాత అదే పత్రాన్ని చదువుకోవటానికి మళ్లీ ప్రజలే డబ్బు కట్టాలి. "ఒకే దేశం – ఒకే చందా" పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలకు. దీనివల్ల మారుమూల ప్రభుత్వ కళాశాల విద్యార్థికి సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వస్తున్నాయి. అది లాభమే, కాదనను. కాని బయానా ఇచ్చి కాయ తన దుకాణానికే తోలించుకునే వ్యాపారి సంగతి తెలిసినవాడికి ఈ ఏర్పాటు కొత్తగా కనిపించదు. పండించినవాడే తన పంటను కొనుక్కుంటున్నాడు. ఈ లెక్కలో చూస్తే, ఎవరికీ చందా కట్టనక్కరలేని శోధ్‌గంగ విలువ తెలుస్తుంది.

కాపీ కొట్టటాన్ని గురించి ఒక మాట చెప్పాలి. యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం పోలిక నూటికి 10 లోపల ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా అయితే ఆరు నెలల్లోపల సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 దాకా అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వటానికి వీల్లేదు. 60 దాటితే నమోదే రద్దు. పోలికను యంత్రం లెక్కగడుతుంది. ఈ యంత్రం ఇంగ్లీషులో మాటలు మార్చి దొంగిలించినవాణ్ణి వదిలేస్తుంది, నిజాయితీగా ఒకే పారిభాషిక పదాన్ని వాడినవాణ్ణి పట్టుకుంటుంది. తెలుగు వ్యాసాల స్థితి ఇంకా విచిత్రం. వాటిలో చాలా భాగం అను అక్షరాల్లో కూర్చినవి. కంటికి తెలుగుగానే కనపడతాయి గాని, యంత్రానికి అవి అర్థం లేని రోమన్ అక్షరాల కుప్ప. వాటిలో వెతకటానికి వీల్లేదు, పోల్చటానికీ వీల్లేదు. అంటే తెలుగు వ్యాసం భాండాగారంలో ఉండి కూడా బీరువాలో ఉన్నట్టే. తెలుగులో రాసేవారు యూనికోడులో కూర్చాలని పట్టుబట్టటం ఇప్పుడు భాషోద్యమంలో భాగం కావాలి.

ఇదంతా చెప్పి నేను కోరేది నాలుగు సంగతులు. వ్యాసం అందరికీ తెరిచి ఉండాలి. గడువు కావలసినవారికి రెండేళ్లకు మించకుండా ఇవ్వాలి. వ్యాసంలో ఎవరి జీవితాలున్నాయో వారి పేరు ఉండాలా వద్దా అన్నది వారే చెప్పాలి, ఎలక్ట్రానిక్ ప్రతి అంటే ఏమిటో వారికి అర్థమయ్యేట్టు చెప్పిన తరువాత. ప్రతి వ్యాసంతోపాటు పదిపేజీల తెలుగు సారాంశం ఉండాలి, సమర్పణకు ముందు అది సంబంధించినవారికి చదివి వినిపించాలి. విద్యార్థి సంతకం పెట్టే హక్కుల పత్రాలను అతనికి విడమరిచి చెప్పటం గైడు ఉద్యోగ ధర్మం కావాలి. వీటిలో ఒక్కదానికీ కొత్త చట్టం అక్కరలేదు. మన అధ్యాపక సంఘాలూ విద్యార్థి సంఘాలూ పూనుకుంటే ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.

అభ్యుదయ రచయితల సంఘం 1943 లో తెనాలిలో ఏర్పడినప్పటినుంచీ మనం ఒక మాట అంటూనే ఉన్నాం, రచయిత ప్రజల పక్షాన నిలబడాలని. పరిశోధకుడు కూడా రచయితే. అతను ప్రజలను గురించి రాస్తే సరిపోదు. రాసినదాన్ని ప్రజలు చదవగలగాలి, చదివి కాదనగలగాలి, దానివల్ల వారికి హాని జరగకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ వ్యాసానికి పట్టా రావచ్చు గాని, ఆ పరిశోధకుడు కరణం చేసిన పనే చేసినవాడవుతాడు. దస్త్రం ఎలక్ట్రానిక్ అయినంత మాత్రాన కరణీకం మారదు.